మిల్లు నూనె

మా ఇంట్లో బండి బ్రేకు పోతే అది బండి తప్పు, రేడియేటరు కారితే ఎండల తప్పు, టైరు పగిలితే రోడ్డు తప్పు. క్లచ్ అరిగితే మాత్రం నా కాలి తప్పు. పెడల్ మీద ఆడదాని కాలు ఉందిగా, ఇంక వేరే కారణం వెతికే పనేముంది?

ఆ పికప్ బండి నాన్న రిటైరయ్యాక కొన్నది. ఆయన టాటానగర్ పక్కన గమ్హరియాలో ఒక ఉక్కు రోలింగ్ మిల్లులో ఫిట్టరుగా చేశాడు. మిల్లు గేర్‌బాక్సులు ఆయన సెక్షన్‌వి. ఆదిత్యపూర్‌లోని చిన్న చిన్న యూనిట్లలో తయారైన బోల్టులూ ఫ్లాంజీలూ ఎత్తుకుని, ఖర్కాయి నది దాటించి, జుగ్సలాయి గోదాముల్లో దించడం బండి పని. కొన్నాళ్ళు తనే నడిపాడు. తర్వాత కంటి ఆపరేషన్ అయింది, ఒక కన్ను సరిగా కుదురుకోలేదు. స్టీరింగు పట్టొద్దని డాక్టరు చెప్పేశాడు. తమ్ముడు అప్పుడు రైల్వే పరీక్షలకు చదువుతున్నాడు. అమ్మ అడగబోతే మాట పూర్తి కాకముందే, “మై డ్రైవర్ నహీ బనూంగా” అనేశాడు. డ్రైవరు పని వాడికి నామోషీ. మేం తెలుగులో ఏం మాట్లాడినా వాడికి అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది.

నేను అప్పుడు ఒక ప్యాకింగ్ షెడ్డులో చెక్కపెట్టెలకు మేకులు కొట్టేదాన్ని. “నాను నడుపుతాను నాన్నా” అన్నాను. ఇంట్లో అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. ఆ సంగతి కాదనను. ఆదివారాలు ఖాళీ మైదానంలోకి తీసుకెళ్ళి పక్క సీట్లో కూర్చుని ఆయనే నేర్పాడు.

“క్లచ్ మీద కాలేసి కూకోకు. తొక్కాల, తియ్యాల. అంతే. పని లేనప్పుడు కాలు కింద ఉండాల.”

ఆ మాట నేను ఒక్కనాడూ మరవలేదు. ఆయన మరిచిపోయాడు, నాకు నేర్పింది తనేనన్న సంగతితో సహా.

బండి నడపడం నాకు ఎంతో ఇష్టం. జుగ్సలాయి సందుల్లో ఇటు తోపుడు ఠేలా, అటు ఎడ్లబండంత వెడల్పు మేడ మెట్లు, మధ్యలోంచి బండిని రివర్సులో గోదాము గుమ్మం దాకా పెట్టేదాన్ని. హమాలీలు “దీదీ ఆ గయీ”, అక్క వచ్చేసిందని కేక వేసి తోవ ఇచ్చేవాళ్ళు. పెళ్ళి కుదరని కూతురు ఇంట్లో ప్రతి గుమ్మానికీ అడ్డమే. ఆ సీట్లో కూర్చున్నంతసేపు నేను ఎవరికీ అడ్డం కాదు.

ఇక నూనె సంగతి చెప్పాలి.

ఈ ఊళ్ళో విశ్వకర్మ పూజంటే సంగతి తెలిసిందే. పానా పట్టినవాడు ప్రతివాడూ ఆ రోజు తన మిషను కడిగి బొట్టు పెడతాడు. మిల్లు గేట్లు ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆ ఒక్కరోజే తెరుస్తారు. నా చిన్నప్పుడు నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని తన గేర్‌బాక్సు చూపించాడు. మా వంటగది కంటే పెద్దది. దాని మీద బంతిపూల దండ, పక్కన బూందీ పొట్లాలు. “ఈ తల్లి కడుపులో నూనె నాను పోత్తేనే మిల్లు తిరుగుద్ది” అన్నాడు. నిజంగానే నాన్న ఆ రోజు నాకు దేవుడి పక్కన నిలబడ్డవాడిలా కనిపించాడు.

రిటైరైన రోజు అందరికీ ఇచ్చే శాలువా, గోడగడియారం ఆయనకూ ఇచ్చారు. సెక్షన్ వాళ్ళు మాత్రం వాటితో పాటు పీపా అడుగున మిగిలిన మిల్లు గేర్ నూనె ఒక క్యాను నింపి ఇచ్చారు. శాలువా ఎక్కడుందో ఇప్పుడు అమ్మకు కూడా తెలియదు. క్యాను మాత్రం దేవుడి గూటి కింద పెట్టుకున్నాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ పూజ ముందు పాత స్నేహితులెవరో ఒకరు ఇంకో క్యాను తెచ్చిచ్చేవారు. విశ్వకర్మ పూజ రోజు పొద్దున్నే స్నానం చేసి, బండి కింద దూరి, గేర్‌బాక్సులో పాత నూనె దించేసి, ఈ నూనె పోసేవాడు. ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అభిషేకం చేసినట్టే పోసేవాడు. చిక్కగా, నల్లగా ఉండేది. దీపావళి మందు వాసన వేసేది. ఆ వాసన రోజంతా వాకిట్లో నిలిచిపోయేది.

“షాపుల్లో అమ్మింది నూనేనా? నీల్లు. ఇది సూడు. అంత మిల్లుని తిప్పిన నూనె. ఈ బుల్లి బండికి జన్మంతా ఏటీ అవదు” అనేవాడు. బస్తీలో ఆయన మాట శాసనం. ఎవరి మోటారు పాడైనా మా ఇంటికే వస్తారు. అందుకని ఎవరూ మారుమాట అనలేదు, నేనూ అనలేదు.

నా చేతికి వచ్చిన మూడో ఏటికో, ఆ తర్వాతో, బండి రెండో గేరులోకి వెళ్ళేటప్పుడు కరకరమనడం మొదలెట్టింది. తర్వాత మూడో గేరు కూడా. చలికాలం పొద్దుటిపూట మరీ మొండికేసేది. గేరు పడాలంటే ఒకసారి క్లచ్ తొక్కి, న్యూట్రల్‌కి తెచ్చి, మళ్ళీ తొక్కి, అప్పుడు వెయ్యాలి. పాత లారీ డ్రైవర్లు అలాగే వేసేవాళ్ళట. నేనూ నేర్చుకున్నాను. జుగ్సలాయి రోడ్డులో అడుగడుక్కీ ఆగడం, కదలడం. ఇంకొకరు ఒకసారి తొక్కే చోట నేను రెండుసార్లు తొక్కేదాన్ని. రాత్రికి ఎడమ మోకాలు పొంగేది.

నాన్నకు చెప్పాను. ఆయన వాకిట్లో బండి చుట్టూ తిరిగి, “గేరు కాదు పాడైంది, నీ కాలు. క్లచ్ పూర్తిగా తొక్కట్నేదు నువ్వు” అన్నాడు.

“తొక్కుతున్నాను నాన్నా. రెండేసి సార్లు తొక్కుతున్నాను.”

“రెండుసార్లు తొక్కాల్సొచ్చిందంటే ఒకసారి సరిగ్గా తొక్కట్నేదనేగా?”

మర్నాడు మళ్ళీ రెండేసి సార్లు తొక్కుకుంటూనే లోడుకు వెళ్ళాను.

ఆ రోజుల్లోనే తమ్ముడి పరీక్షలు వయసు దాటి ఆగిపోయాయి. వాడికి సంబంధాలు చూడడం మొదలైంది. టాటానగర్ స్టేషను పక్క రైల్వే కుటుంబం ఒకటి వచ్చింది, మంచివాళ్ళే. “అబ్బాయేటి సేత్తన్నాడు?” అని అడిగారు. నాన్న వాకిట్లోకి చెయ్యి చూపించి, “బండి ఉంది కదండీ” అన్నాడు. ఆ బండిని అప్పుడే నేను లోడు దించి తెచ్చి నిలబెట్టాను. ఇంజను ఇంకా వేడిగానే ఉంది. నేను టీ కప్పుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. నావైపు ఎవరూ చూడలేదు.

క్లచ్ పోయింది ఆ తర్వాతే. పూర్తి లోడుతో ఖర్కాయి వంతెన ఎక్కుతుంటే ఇంజను గోల పెడుతోంది గానీ చక్రాలు కదలడం లేదు. మాడిన రబ్బరులాంటి కంపు కొట్టింది. వెనక నుంచి హారన్లు. తెలిసిన టెంపో అతను తాడు కట్టి ఇంటిదాకా ఈడ్చుకొచ్చాడు. నాన్న వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. బండి వాసన చూసి, “అయిపోనాది. తినీసింది క్లచ్‌ని” అన్నాడు. బండి తిన్నదని కాదు, నేను తిన్నానని.

గ్యారేజీకి పంపుదామన్నాను. ఆయనకు తల కొట్టేసినట్టయింది. “ఫిట్టరు ఇంటి బండి గ్యారేజీకెల్తాదా?” అన్నాడు. ఆ వెంటనే, నేను ఇంకా చెప్పులు కూడా విప్పకముందే, అసలు మాట చెప్పాడు. “బాగు సేసినాక తమ్ముడు నడుపుతాడు. ఆడదాని కాలికి ఈ బండి ఆగదు.”

నేను అమ్మవైపు చూశాను. అమ్మ పొయ్యివైపు చూసింది.

అందుకే ఆ ఆదివారం రిపేరు నాకు రిపేరు కాదు. గేర్‌బాక్సు విప్పి చూస్తే తప్పు నాది కాదని ఏదో ఒకటి బయటపడుతుందని నా ఆశ. పడితే బండి నాకు మిగులుతుంది.

బండిని జాకీలతో లేపి, రైలు పట్టాల కింద వేసే పాత చెక్కదుంగలు పెట్టాం. నాన్న ఎక్కడినుంచో చైన్ కప్పీ తెప్పించి, మూడు ఇనప గొట్టాలు గూడులా నిలబెట్టి దానికి వేలాడదీశాడు. పనిమంతుడు, అందులో సందేహం లేదు. ఒంటికన్నుతో కూడా ఏ బోల్టు ముందు ఊడాలో, ఏది ఆఖర్న ఊడాలో చేత్తో తడిమి చెప్పేవాడు. కింద దూరి విప్పింది నేను. వెనక చక్రాల్ని తిప్పే పొడవాటి షాఫ్టు విప్పాను, గేరు రాడ్డు తీశాను, ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య బోల్టులు విప్పాను. మట్టీ జిడ్డూ కళ్ళల్లో పడింది. తమ్ముడు మొబైలు టార్చి పట్టుకున్నాడు. మధ్య మధ్య మెసేజీ వస్తే టార్చి పక్కకు తిరిగేది.

గేర్‌బాక్సు కప్పీ మీద మెల్లగా దిగింది. క్లచ్ ప్లేటు బయటికొచ్చింది. రెండువైపులా రివెట్లు తేలేదాకా అరిగిపోయి ఉంది. నాన్న దాన్ని పట్టుకుని వాకిలి దాటి, చూడ్డానికి చేరిన ఇరుగుపొరుగు ముందు ఎత్తి చూపించాడు.

“సూడండి. రివిట్లు తేలిపోనాయి. ఇదీ మా గుంట డ్రైవరీ.”

వాళ్ళు తలలూపారు. ఒకాయన “బేటీ లోగ్ సే నహీ హోతా” అన్నాడు, ఆడపిల్లల వల్ల కాదని. ఆయన ఇంటి మంచం కోళ్ళ దగ్గర్నుంచి ఆయన కూతురి పెళ్ళి బీరువా దాకా ఈ బండిలో మోసింది నేనే. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఇంకా గేర్‌బాక్సు తెరవలేదు కదా అనుకున్నాను.

మధ్యాహ్నం తెరిచాం. పాత గోనెపట్టా పరిచి, పళ్ళచక్రాలు ఒక్కొక్కటీ వరసగా పెట్టాం. దీపావళి మందు వాసన గుప్పుమంది. చక్రాలు బాగానే ఉన్నాయి. వాటి మధ్యన ఇత్తడి రింగులుంటాయి, పిల్లల గాజులంత. గేరు మారేటప్పుడు తిరిగే రెండు చక్రాల వేగం కలిపేవి అవే. ఇత్తడి పసుపుపచ్చగా ఉండాలి. ఇవి మాడిన అట్టు అంచులా నల్లగా, చిల్లులు చిల్లులుగా ఉన్నాయి. అంచున ఉండాల్సిన పళ్ళు కరిగి మొండిగా అయిపోయాయి. గోరుతో గీకితే పొడి రాలింది.

నాన్న ఆ రింగును బాగున్న కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. ఆయన మొహం నేను చూశాను. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. తర్వాత క్యానువైపు చూశాడు. దేవుడి గూటి కింద ఉండే క్యాను, ఆ పూట వాకిట్లోకి తెచ్చి పెట్టుకున్నాడు. మళ్ళీ రింగువైపు చూశాడు. “కాలు సరిగ్గా నేకపోతే ఇలాగే అరుగుతాయి” అన్నాడు. గొంతు మాత్రం పొద్దున్న ప్లేటు చూపించినప్పటి గొంతు కాదు. ఈసారి ఇరుగుపొరుగుకు చూపించలేదు. గుడ్డపేలికలో చుట్టి పక్కన పెట్టాడు.

మర్నాడు సామాను తెమ్మని నన్నే జుగ్సలాయి పంపాడు. కొలత కోసమని ఒక పాత రింగు నేను చీర కొంగున ముడేసుకుని పట్టుకెళ్ళాను. పార్టుల షాపాయన నాకు తెలిసినవాడే, చాలాసార్లు ఆయన పెట్టెలు నా బండిలో తెచ్చాను. రింగు చేతిలోకి తీసుకుని, వాసన చూసి, నవ్వేశాడు.

“ఘర్ మే కోయీ మిల్ మే హై క్యా?” అన్నాడు. ఇంట్లో ఎవరైనా మిల్లులో పనిచేస్తారా అని.

“నాన్న. ఎందుకు?”

ఆయన హిందీలో చెప్పింది ఇదీ. మిల్లు నూనెలో గంధకం మందు ఉంటుంది. అక్కడ ఉక్కు మీద ఉక్కు నలుగుతుంది కాబట్టి అది కావాలి. ఇత్తడికి మాత్రం అది విషం. ఈ ఊళ్ళో ప్రతి ఇంటికీ ఆ నూనె వస్తుంది, ప్రతివాడూ గొప్పగా పోస్తాడు, కొన్నేళ్ళకు అది రింగుల్ని తినేస్తే నా దగ్గరికొస్తారు. వేరే ఊళ్ళ బండ్లలో ఇలాంటి రింగులు చూడనే చూడను.

“క్లచ్ కూడా పోయిందా?” అని అడిగాడు. అవునన్నాను. “పోదా మరి? గేరు పడక మాటిమాటికీ తొక్కి ఉంటావు. నిజానికి ఇన్నాళ్ళు లాగావంటే నీ కాలు మంచిదే” అన్నాడు.

ఆ కౌంటరు ముందు నిలబడి నేను ఏడ్చేశాను. ఆయన కంగారుపడి స్టూలు జరిపాడు. నాకు దుఃఖం కాదు, సంతోషం. తప్పు నాది కాదు, బండి నాకు మిగిలింది అనుకున్నాను. గేరు నూనె సీలు డబ్బా కూడా కొని, షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చాను. ఎంత పిచ్చిదాన్నో!

నాన్నకు అంతా చెప్పాను. నెమ్మదిగానే చెప్పాను, ఎక్కడా “నీ వల్ల” అనలేదు. ఆయన విన్నాడు. మొహం ఎర్రబడింది.

“షాపోడికి డబ్బా అమ్ముకోవాల. ఆడు మరేటి సెప్తాడు? మిల్లులో తలనెరిసినోడికి నూనె గురించి నువ్వు సెప్తావా?”

“రింగు చూడు నాన్నా. నువ్వూ చూశావుగా నిన్న.”

“నోరు ముయ్యి.”

అమ్మ వంటింట్లోంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. “ఒగ్గీయే. ముసిలోడు. బస్తీలో ఆయనకున్న పేరు అదొక్కటే” అంది. నాకున్నది కూడా ఒక్కటేనమ్మా, అదే ఆ బండి అన్నాను. అమ్మ వినిపించుకోలేదో, వినిపించుకోదలచుకోలేదో.

కొత్త ప్లేటు, కొత్త రింగులు నేనే వేశాను. నాన్న చెప్తుంటే నేను బిగించాను. చివర్న నేను తెచ్చిన డబ్బా ఆయన పక్కకు నెట్టి, నన్ను లోపలికెళ్ళి టీ పెట్టమన్నాడు. నూనె ఎప్పుడూ తనే పోస్తాడు కదా. నేను టీ తెచ్చేసరికి మూత బిగించేసి చేతులు తుడుచుకుంటున్నాడు. తాళంచెవి తమ్ముడికిచ్చాడు. వాడు మొహమాటంగా నావైపు చూసి, “దీదీ, మై క్యా కరూఁ?” అన్నాడు. ఏం చెయ్యమంటావని నన్ను అడుగుతున్నాడు. వద్దనొచ్చు కదా! వద్దనలేదు. ఎక్కి కూర్చున్నాడు.

నేను మళ్ళీ గమ్హరియా షేర్ ఆటో ఎక్కుతున్నాను. మళ్ళీ పెట్టెలు, మేకులు. మోకాలి నొప్పి తగ్గింది, అది ఒక్కటే లాభం. తమ్ముడి పెళ్ళి జరిగింది. బండి కరకరమంటుందేమోనని రోజూ సాయంత్రం సందు చివర దాని చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చునేదాన్ని. మళ్ళీ ఆ నూనే పోశాడు, మళ్ళీ రింగులు పోతాయి, అప్పుడు ఎవరి కాలంటారో చూద్దాం అనుకునేదాన్ని. పాడైపోవాలని కోరుకున్నాను, దాచడమెందుకు? కడుపు మండినదాన్ని ఇంకేం కోరుకుంటాను?

అది కరకరమనలేదు. వెన్నలో వేలు పెట్టినట్టు గేరు పడేది. “సూసినారా, సెయ్యి మారితే బండి ఎలా మారిందో” అని సందులో అనుకునేవాళ్ళు. నాన్న మీసం కింద నవ్వుకునేవాడు.

ఈ ఏడు విశ్వకర్మ పూజ వచ్చింది. తెల్లవారే బండి కడిగారు. నాన్న స్నానం చేసి, పంచె బిగించి, బండి కింద దూరాడు. మూత విప్పి నూనె దించాడు. వాకిట్లో కూర్చుని దండ గుచ్చుతున్న నాకు దీపావళి మందు వాసన రాలేదు. తలెత్తి చూశాను. ఆయన పళ్ళెంలోకి దిగుతున్న నూనె తేనెరంగులో ఉంది. పక్కన సీలు డబ్బా ఉంది, సరిగ్గా నేను జుగ్సలాయి నుంచి తెచ్చినదాని లాంటిదే. మిల్లు క్యాను గేటు పక్కన మట్టికొట్టుకుని ఉంది. అమ్మ అందులోంచి నాలుగు చుక్కలు తీసి గేటు బందులకు వేస్తోంది.

చేతిలో సూది పట్టుకునే వెళ్ళి బండి పక్కన కూర్చున్నాను.

“మిల్లు నూనె పొయ్యవా నాన్నా?”

కింద నుంచి మొహం కనబడలేదు, గొంతు వినబడింది. “ఆ నూనె దీనికి పడదు. ఇత్తడిని తినీద్ది.”

“ఎవులు సెప్పినారు?”

“ఎవులు సెప్పాల? మిల్లులో తలనెరిసినోడ్ని, ఆ మాత్రం తెలవదా నాకు?”

అంటే ఆ రోజు నన్ను టీ పెట్టమని పంపి నేను తెచ్చిన డబ్బానే పోశాడు. నా మాట నమ్మాడు. నమ్మి, బండికి మందు వేసి, తాళంచెవి తమ్ముడి చేతిలో పెట్టి, అరిగిన కాలు మాత్రం నాకే ఉంచాడు. నాన్న నన్ను నమ్మలేదనుకున్నన్నాళ్ళు ఆయన మీద నాకు కోపమే ఉండేది. ఆ పొద్దున అది కూడా పోయింది. ఇక ఆయనతో మాట్లాడడానికి ఏమీ మిగలలేదు.

దండ వేశారు. కొత్త కోడలు బూందీ పంచింది. తమ్ముడు స్టీరింగు ముందు కూర్చున్నాడు. అమ్మ కర్పూరం వెలిగించి పళ్ళెం నా చేతికిచ్చింది.

“నువ్వియ్యాలే. ఇంటాడపిల్ల హారతిత్తేనే బండికి మంచిది.”

ఇచ్చాను.